ముందుమాటలో అబద్ధం

“పదిమంది పట్టే గదిలో పదకొండో మనిషి పట్టదా? అదేమన్నా బస్సుటే, సీట్లు లెక్కపెట్టి ఎక్కించుకోడానికి?” అని అత్తగారు మూడోసారి అడిగింది.

“పట్టకేం అత్తయ్యా, పడుతుంది. కానీ గాలాడదు,” అంది టీచరమ్మ.

మొదటిసారి అడిగినప్పుడు చాప చాలదంది. రెండోసారి బీరువా అడ్డమంది. ఇప్పుడు గాలిదాకా వచ్చింది. నాలుగోసారి అడిగితే ఏం చెప్పాలో ఆమెకే తెలియదు.

“కిటికీ తీస్తే సరి,” అన్నాడు భర్త పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

“తీస్తే కింద మీ కటింగ్ మిషన్ మోత. ఇక నా మాట ఎవరికి వినపడుతుంది?”

“క్లాసు గంటేగా. మిషన్ ఆపేస్తాను.”

ఏనాడూ అడిగిన పని అడిగిన పూట చేయని మనిషి, ఈ పూట మాత్రం అడక్కుండానే అడ్డాలన్నీ తొలగిస్తున్నాడు. టీచరమ్మకి ఒళ్లు మండింది.

ఈ వాదనంతా ఎవరి గురించి జరుగుతోందో ఆవిడ, అంటే భర్తకి అక్కగారు, పీట మీద కూర్చుని చేతులు తుడుచుకున్న గుడ్డని నాలుగు మడతలు పెడుతోంది. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు మడిచిన చెయ్యి. ఇంట్లో ఏ గుడ్డ దొరికినా అంచుకి అంచు కలపందే ఊరుకోదు.

“గుమ్మం దగ్గర కూర్చుంటాలే మరదలా,” అందావిడ. “గురువారం మధ్యాహ్నం డ్యూటీ ఇంకొకామె చేస్తానంది. బదులుగా నెలంతా తెల్లవారుజాము షిఫ్టు నేను చెయ్యాలి. పెద్ద కష్టమేం కాదు.”

“తెల్లవారుజామున నాలుగింటికి లేవడం కష్టం కాదా వదినా? నీ మోకాళ్లు చూసుకున్నావా? నీ మంచికే చెబుతున్నా!”

ఈ మాట మాత్రం ఎంతో ప్రేమగా వచ్చింది. తన గొంతులో అంత ప్రేమ ఎక్కణ్ణించి ఊడిపడిందా అని టీచరమ్మే ఆశ్చర్యపోయింది.

టీచరమ్మ ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. తండ్రి మసీదులో పిల్లలకి చదువు చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చుని నాలుగు ముక్కలు నేర్చుకుంది, పెళ్లయ్యాక దొరికిన పుస్తకమల్లా చదివింది. ఏడాది కిందట పక్కవాటా ఆవిడ, “రోజూ దువాలో దేవుణ్ణి వేడుకుంటూ తౌబా తౌబా అంటాం. అదేంటో ఎవరూ చెప్పరేం?” అని అడిగితే, చెప్పింది. మర్నాడు ఇద్దరు వచ్చారు, పై వారం అయిదుగురు. చివరికి ప్రతి గురువారం మూడింటికి ముందుగదిలో పదిమంది ఆడవాళ్లు, వారానికి ఒక మాట. టీచరమ్మ అన్న పేరు వాళ్లే పెట్టారు. ఇంట్లో కూడా అలాగే పిలుస్తారు గాని, ఇంట్లోవాళ్లు పిలిచేటప్పుడు చివర్లో ఒక చిన్న దీర్ఘం ఉంటుంది. దాని రుచి వేరు.

నిజానికి ఆమెకో పద్ధతి ఉండేది. ఏ మాట గురించి చెప్పాలన్నా, ముందు ఆ వారమంతా ఆ మాటని ఇంట్లో ఆచరించి చూడాలి. ఆలోచన గొప్పదే. ఇంట్లోవాళ్లే బలైపోయారు.

సబ్ర్, అంటే ఓర్పు వారంలో, ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. బదులుగా నిట్టూర్చింది. గిన్నె జారితే నిట్టూర్పు, భర్త ఆలస్యంగా వస్తే ఇంకా పొడుగు నిట్టూర్పు. నాలుగోరోజుకి అత్తగారు చేతులు జోడించి, “నీ కోపమే బాగుందే తల్లీ, అరిచినా ఒక్కసారితో పోయేది,” అంది. తవక్కుల్, అంటే దేవుడి మీద భారం వేయడం, ఆ వారంలో మబ్బు పట్టినా డాబా మీద బట్టలు తియ్యలేదు. “అల్లా చూసుకుంటాడు” అంది. కూతురి ఆఫీసు బట్టలు మూడు జతలూ తడిసి ముద్దయ్యాయి. “చూశాడమ్మా, చూసే పంపాడు వానని, ఇదిగో ఈవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి, లేపుదామని,” అంది కూతురు. ఆ గురువారం టీచరమ్మ క్లాసులో, చెయ్యాల్సింది చేశాక మిగతాది దేవుడికి వదలడమే తవక్కుల్ గాని, చేతులు ముడుచుక్కూచోవడం కాదని చాలా గట్టిగా చెప్పింది. తడిసిన బట్టల సంగతి చెప్పలేదు.

అలా నలభై మాటలయ్యాయి. “ఇవన్నీ రాసివ్వు, చిన్న పుస్తకం చేద్దాం,” అన్నాడు భర్త. ఆయనది బైండింగ్ పని. కింద గదిలో కుట్టు, జిగురు, అట్ట, కటింగ్ అన్నీ ఆయనే. తెలిసిన ప్రెస్సులో రెండు వందల కాపీలకి ఫారాలు అచ్చయి వచ్చాయి. పదహారు పేజీల ఫారాలు నాలుగు. మడతలైపోయి, కుట్టు నడుస్తోంది.

మరి వదినగారు క్లాసుకి వస్తానంటే ఏమైంది?

ఇదైంది. టీచరమ్మ దగ్గర మాటలకి అర్థాలున్నాయి, ఏ పెద్దలు ఏం చెప్పారో ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ పదిమంది ఆడవాళ్ల మొహాలు ఒక్కసారిగా విప్పారేలా చెప్పడానికి ఒక పోలిక కావాలి. అది మాత్రం ఆమెకి దొరికేది కాదు. ఒకరోజు వంటింట్లో, వదిన డ్యూటీ నుంచి వచ్చి నీళ్లు తాగుతుంటే, ఊరికే అడిగింది: “మొండి మరకకి మీరేం చేస్తారు వదినా?”

“ఏం చెయ్యకూడదో ముందు తెలియాలి,” అంది వదిన. “మరకుందో లేదో చూడకుండా ఇస్త్రీ పెట్టకూడదు. వేడి తగిలిందా, మరక ఇక బట్టని వదలదు. పైకి మడత మాత్రం ఎంత అందంగా ఉంటుందో!”

ఆ గురువారం తౌబా, అంటే తప్పు తెలుసుకుని దేవుడివైపు తిరగడం గురించి చెబుతూ, “మనం తప్పుని కడుక్కోకముందే మొహానికి ఇస్త్రీ పెట్టుకుని తిరుగుతాం అమ్మా,” అంది టీచరమ్మ. పక్కవాటా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మందుల షాపు ఆవిడ ముక్కున వేలేసుకుని, “ఇలాంటివి మీకెలా తడతాయండీ?” అని అడిగింది.

ఆ క్షణంలో “మా వదిన చెప్పింది” అనడానికి ఎంతసేపు? మూడు మాటలు. టీచరమ్మ నవ్వి, తల కాస్త వంచి, “అంతా ఆయన దయ,” అంది. అబద్ధం కాదు. అందుకే సులువుగా వచ్చింది.

ఆ తర్వాత వంటింట్లో ప్రశ్నలు పెరిగాయి. ఫనా, అంటే దేవుడి ప్రేమలో ‘నేను’ అన్నది కరిగిపోవడం. దానికి నీలిమందు దొరికింది. “నీళ్లలో కరిగాక అదెక్కడుందో కనపడదు, బట్ట తెలుపే కనపడుతుంది. సరిగ్గా కరక్క ముద్ద మిగిలిందనుకో, ఆ ముద్ద తగిలినచోటల్లా నీలం మచ్చ,” అంది వదిన. నలభయ్యో మాట ఇఖ్లాస్, అంటే మెప్పు కోసం కాక కేవలం దేవుడి కోసమే చెయ్యడం. దానికి ఆసుపత్రి దుప్పటి దొరికింది. “పడుకునేవాళ్లకి ఉతికిందెవరో తెలీదు, ఉతికినవాళ్లకి పడుకునేదెవరో తెలీదు. దుప్పటి మాత్రం శుభ్రంగా ఉండాలి.”

పుస్తకానికి టీచరమ్మ రాసిన ముందుమాటలో ఇలా ఉంది: ‘ఇందులోని ఉపమానాలు ఏ గ్రంథంలోనివీ కావు. నమాజు తర్వాత ఏకాంతంలో నా మనసుకు తట్టినవి.’ మొదటి వాక్యం అక్షరాలా నిజం. రెండోదాంట్లో ‘నమాజు తర్వాత’ అన్నంతవరకు నిజమే, వదిన డ్యూటీ దిగి వచ్చేది ఆ వేళకే.

అందుకని ముందుగదిలో గాలాడదు.

ఆదివారం నుంచి టీచరమ్మ ఇఖ్లాస్ వారం మొదలైంది. పుస్తకంలో అచ్చయినా, క్లాసులో చెప్పాల్సింది ఇంకా ఉంది. ఎవరికీ తెలియకుండా ఒక మంచిపని చెయ్యాలనుకుంది. తెల్లవారకముందే లేచి, మూడంతస్తుల మెట్లూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చప్పుడు కాకుండా వచ్చి పడుకుంది. పడుకుంది గాని, చెవులు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి.

ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం మళ్లీ తుడిచింది. ఈసారి పైవాటా డ్రైవరు దిగుతూ, “మెట్లు అద్దంలా ఉన్నాయే!” అన్నాడు. టీచరమ్మ గుండె పొంగింది. అంతలో పక్కవాటా ఆవిడ గొంతు: “మీ ఆవిడే తుడుస్తోంది కదా? పొద్దున్నే చప్పుడైంది. బంగారం లాంటి మనిషి!”

డ్రైవరు కాదనలేదు. “అవునండీ, దానికి శుభ్రత ఎక్కువ,” అనేశాడు.

టీచరమ్మ మంగళవారం మెట్లు తుడిచాక బకెట్టు లోపలికి తీసుకురావడం ‘మర్చిపోయింది’. ఆ బకెట్టు మీద భర్త బైండింగ్ జిగురు మరకలు ఎర్రగా ఉంటాయి, అది ఎవరిదో ఆ మేడలో పసిపిల్లలకి కూడా తెలుసు. పైగా సరిగ్గా రెండో అంతస్తు మలుపులో, ఎవరూ దాటి పోలేనిచోట మర్చిపోయింది.

దాన్ని మొదట దాటలేకపోయింది అత్తగారే. బకెట్టుని కాలితో ఇంట్లోకి తోస్తూ, “ఏ మాట వారమే ఇది?” అంది.

“ఇఖ్లాస్ అత్తయ్యా.”

“అంటే?”

“ఎవరూ చూడకుండా చెయ్యడం.”

అత్తగారు బకెట్టు వంకా కోడలి వంకా చూసి, లోపలికి పోయింది. ఏమన్నా అంటే బాగుండేది.

మధ్యాహ్నం టీచరమ్మ తలనొప్పి మాత్రలకి మందుల షాపుకి వెళ్లింది. షాపు ఆసుపత్రి గేటు పక్కనే. కౌంటరు వెనక ఉండేది క్లాసుకి వచ్చే ఆవిడే. మాత్రలు కత్తిరిస్తూ ఉత్సాహంగా మొదలెట్టింది.

“మీకు చెప్పనేలేదు కదూ! మరకమీద ఇస్త్రీ మాట నేను మీ వదినగారికి చెప్పాను. ఆవిడ జ్వరం మందుకి వస్తే. ‘మీ ఇంట్లో ఇంత జ్ఞానం పెట్టుకుని మీరు క్లాసుకి రారేమండీ’ అన్నాను.”

టీచరమ్మ చిల్లర లెక్కపెట్టడం ఆపింది. “ఏమంది?”

“ఎంత మురిసిపోయిందో! ‘మా మరదలు బాగా చెబుతుంది, బోలెడు చదివింది’ అంది. నీలిమందు సంగతి కూడా చెప్పాను. మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.”

“ఎప్పుడిది?”

“అయ్యుంటుంది రెండు నెలలు.”

టీచరమ్మ మాత్రలు కౌంటరు మీదే వదిలేసి నడిచింది. ఆవిడ వెనక్కి పిలిచి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

రెండు నెలలుగా తెలుసు. తెలిసీ రోజూ పక్కన కూర్చుని తింది, అడిగినప్పుడల్లా ఇంకో పోలిక చెప్పింది. ఆఖరికి దుప్పటి మాట కూడా తెలిశాకే ఇచ్చింది. మరిప్పుడు క్లాసుకి ఎందుకు వస్తానంటోంది? పదిమందిలో నిలబెట్టి అడగడానికా? దారి పొడుగునా టీచరమ్మ ఇదే తిప్పి తిప్పి ఆలోచించింది. వదిన స్థానంలో తానుంటే ఏం చేసేదో ఊహించుకుంది. తాను ఖచ్చితంగా నిలబెట్టి అడిగేది. సాక్షులతో సహా. నఫ్స్, అంటే లోపలి ‘నేను’కి మూడు మెట్లుంటాయని ఆమే క్లాసులో చెప్పింది: చెడుకి ఉసిగొలిపేది, చేసినదానికి తన్ను తానే తిట్టుకునేది, నెమ్మదించినది. “మనమంతా ఇంకా దారిలోనే ఉన్నాం,” అని చెప్పేటప్పుడు ఆమె గొంతు మాత్రం మూడో మెట్టు మీద చాపేసుకు కూర్చున్నట్టుండేది. ఇవాళ చూసుకుంటే ఇంకా మొదటి మెట్టు కిందే, బకెట్టు పట్టుకుని.

సాయంత్రం డాబా మీద వదిన బట్టలు తీస్తోంది. టీచరమ్మ వెళ్లి, దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దగ్గరికి నడిచి మడత కలిపారు.

“మందుల షాపు ఆవిడ నీకు చెప్పిందట కదా వదినా,” అంది టీచరమ్మ దుప్పటి వంక చూస్తూ.

“చెప్పింది.”

“మరి నన్ను అడగలేదేం?”

“అడగాలనే వస్తానంటున్నా కదా. నువ్వు గాలాడదంటున్నావ్!”

టీచరమ్మ దుప్పటి కొస వదిలేసింది. “అందరి ముందూ అడుగుతావా?”

“అందరి ముందు అడిగితే తప్పేంటి? వాళ్లూ అడుగుతారుగా.” వదిన దుప్పటిని గుండెకి ఆనించి ఇంకో మడత వేసింది. “నీలిమందు గురించి నాకు తెలుసు మరదలా. ఇరవై రెండేళ్లుగా చేతులు నీలంగానే ఉన్నాయి. ఆవిడేమో దానికి ‘ఫనా’ అని ఏదో మాట చెప్పింది. అదేంటో ఆవిడకి సరిగ్గా చెప్పడం రాలేదు. మూడుసార్లు అడిగా. నాకు సగమే అర్థమైంది. నేను చెప్పినదానికి నువ్వు ఏ మాట తగిలించావో, ఆ మాటకి ఇంకేం ఉందో వినాలని ఉంది. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు, నీకు తెలుసుగా. నీ అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు నాకెవరున్నారు?”

వదిన పోలికలు తీసుకోవడం ఒక దొంగతనం అనుకుంది టీచరమ్మ ఇంతసేపూ. వదిన లెక్కలో అది దొంగతనమే కాదు. ఆ పోలికలు ఏ మాటల కోసం పుట్టాయో ఆ మాటలు ఆవిడకి దక్కకుండా, చాప చాలదనీ గాలాడదనీ గుమ్మంలో అడ్డంగా నిలబడటం, అదీ అసలు సంగతి.

“కోపం రాలేదా వదినా నీకు? నేను నావని చెప్పుకున్నందుకు?”

“మొదటిరోజు వచ్చింది,” అంది వదిన నిజాయితీగా. “తిందామని కూచుంటే నీ మొహం చూడబుద్ధి కాలేదు. తర్వాత, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుందంట కదా ఆ మాటకి, అది గుర్తొచ్చి కాస్త తగ్గింది. పూర్తిగా ఏం పోలేదులే,” అని నవ్వి, మడతల దొంతర ఎత్తుకుని దిగిపోయింది.

టీచరమ్మ కింద గదికి వెళ్లింది. భర్త నమాజుకి వెళ్లాడు. కుట్టని ఫారాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. తౌబా పేజీ తీసింది. తాను రాసిందే: ‘తౌబాకి మూడు షరతులు. చేస్తున్న తప్పు ఆపాలి, బాధపడాలి, మళ్లీ చెయ్యకూడదని అనుకోవాలి. ఆ తప్పు సాటి మనిషికి చేసినదైతే నాలుగోది కూడా ఉంది. వాళ్లది వాళ్లకి తిరిగివ్వాలి.’ అచ్చుతప్పులు లేకుండా వచ్చిందని మొన్న ఈ పేజీ చూసి ఎంత సంబరపడిందో.

కాగితం కలం తీసుకుని కొత్త ముందుమాట మొదలెట్టింది. ‘అల్పురాలిని, అజ్ఞానిని అయిన నేను’ అని ఎత్తుకుంది. రాస్తున్న కొద్దీ బాగా వచ్చింది. రెండు పేజీలయ్యాక తన వినయానికి తనకే కళ్లు చెమర్చాయి. ఇది చదివితే పదిమందీ ఏమంటారో కూడా ఊహించుకుంది: ఎంత గొప్ప మనసండీ టీచరమ్మది!

బుధవారం పొద్దున దాన్ని కూతురికి చూపించింది. ఆఫీసుకి తయారవుతూ ఆ పిల్ల నిలబడే చదివింది.

“బాగుందమ్మా. ఏడుపొస్తోంది,” అంది. “కాకపోతే ఇందులో అత్త ఒక్కసారే వచ్చింది, నువ్వు పదకొండుసార్లు వచ్చావు. పుస్తకం నీ పశ్చాత్తాపం గురించా?”

“పోవే, ఆఫీసు టైమైంది,” అని కాగితం లాక్కుంది. ఆ పిల్ల వెళ్లాక లెక్కపెట్టింది. పదకొండు కాదు, పద్నాలుగు. నీలిమందు ముద్ద ఎక్కడ తగిలిందో అక్కడల్లా మచ్చ. రియా, అంటే పదిమంది చూడాలని చేసే భక్తి. అది ముందు తలుపు మూస్తే పెరటి తలుపున వినయం ముసుగేసుకుని వస్తుందని ఆమే పన్నెండో పేజీలో రాసింది. రాసేటప్పుడు అది ఇతరుల గురించి అనుకుంది.

కాగితం చింపేసింది. ఈసారి రెండు వాక్యాలే రాసింది. అందులో తనకి నచ్చిన ముక్క ఒక్కటీ లేదు. సరైందేనని అందుకే అనిపించింది.

ఆ సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నారు. భర్త చేతికి ఇంకా జిగురు వాసన. అత్తగారు ఉప్పు తక్కువైందంటోంది. ఇంతకంటే మంచి సమయం చూసుకుందామని టీచరమ్మకి ఒక్క క్షణం అనిపించింది. మంచి సమయమంటే అందరూ తనవైపు చూసే సమయం. అందుకని ఉప్పు గిన్నె అందిస్తూనే చెప్పింది.

“పుస్తకంలో ముందుమాట ఉన్న మొదటి ఫారం తీసేయాలండీ.”

“తియ్యడమేంటి? అరవై కాపీలు కుట్టేశాను. ఏం, అచ్చుతప్పా?”

“అబద్ధం. ఉపమానాలు నా మనసుకి తట్టాయని రాశాను. అవి వదినవి.”

కూతురు నీళ్ల గ్లాసు నోటి దగ్గరే ఆపింది. భర్త అక్క వంక చూశాడు. అత్తగారు మాత్రం ముద్ద కలుపుతూనే, “నేనెప్పుడో అనుకున్నా. నువ్వు ఉతికిన తెల్లబట్ట ఒక్కటీ తెల్లగా వచ్చిన పాపాన పోలేదు, నీకు నీలిమందు సంగతి ఎలా తెలుస్తుందీ అని,” అంది.

“నాకెందుకు పేరు గీరు?” అంది వదిన, మొహం ఎర్రబడి. “ఎవరు చెబితేనేం? మాట మంచిదైతే చాలు.”

“నీకు అక్కర్లేకపోవచ్చు వదినా. అచ్చులో అబద్ధం ఉండకూడదుగా.”

“కుట్టు విప్పేటప్పుడు కాగితం చిరగకుండా రావాలంటే ఒక్కోటీ పావుగంట పడుతుంది,” అన్నాడు భర్త, ఉన్నమాట చెప్పినట్టు.

“నేనూ కూర్చుంటాను.”

“నిట్టూరుస్తూనా?” అంది కూతురు. వదిన ఫక్కున నవ్వింది. టీచరమ్మకి కూడా నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

“ఇంకోటి,” అంది నవ్వు తగ్గాక. “క్లాసు వదిన సెలవు రోజుకి మారుస్తున్నా.”

“ఆదివారమా?” భర్త కనుబొమలెత్తాడు. “ఆదివారం మందుల షాపావిడకి కుదరదు. కుట్టుమిషన్ ఆవిడ రాదు. సగం మంది తగ్గిపోతారు.”

అది టీచరమ్మ మధ్యాహ్నం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సగం కాదు, ఆరుగురు. అందులో ముగ్గురు, ఆమె మాట చెబుతుంటే అందరికంటే ముందు తల ఊపేవాళ్లు.

“తగ్గనీండి, వాళ్లకి పుస్తకం ఇద్దాం,” అని, వదినవైపు తిరిగి మెల్లగా చెప్పింది. “నువ్వు షిఫ్టు మార్చుకోకు వదినా. రేపు వచ్చినవాళ్లకి ఆ మాటలు ఎవరివో చెప్పేస్తాను. ఈ ఆదివారం మొదటి మాట నుంచి మళ్లీ మొదలుపెడదాం.”